కెమెరా చూసింది, బోర్డు కనబడలేదు

కర్నూలు నుంచి హైదరాబాద్‌కు సుమారు 210 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరిన కారు తుంగభద్ర వంతెన దాటుతుంది. పుల్లూరు టోల్‌ప్లాజాలో ఫాస్టాగ్ నుంచి డబ్బు తెగుతుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ కనిపించగానే వెనక సీట్లోని పెద్దవాళ్లు కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకుంటారు. జడ్చర్ల దగ్గర టీ. తొమ్మిదింటికల్లా ఆరాంఘర్. ఆస్పత్రిలో చూపించుకుని, మందులు కొనుక్కుని, రాత్రికి ఇల్లు చేరితే ఆ ప్రయాణం అయిపోయినట్లే.

అయిపోలేదని పది పన్నెండు రోజుల తర్వాత ఫోను చెబుతుంది. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, నగర శివారులో 80 కిలోమీటర్ల వేగ పరిమితి ఉన్నచోట మీ వాహనం 93 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది. జరిమానా వెయ్యి, సేవా రుసుము 35, మొత్తం 1,035 రూపాయలు. లింకు నొక్కితే బూడిదరంగు ఫొటో. కారు వెనక భాగం, నంబర్ ప్లేటు, మూలన చిన్న అక్షరాల్లో వేగం, సమయం. అది తమ కారే, సందేహం లేదు. ఆ రోజు అక్కడ ఏ బోర్డు ఉందో, ముందు ఏ లారీ వెళ్తోందో, ఎందుకు తొందరపడ్డారో మాత్రం ఇంట్లో ఒక్కరికీ గుర్తుండదు. ఎవరూ ఆపలేదన్న సంగతి ఒక్కటే అందరికీ గుర్తుంటుంది.

రాయలసీమ ఊళ్లలో ఈ చలానాల మీద వినిపించే చిరాకుకు ఒక ప్రత్యేకత ఉంది. కర్నూలు, అనంతపురం రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద, రెండు మహానగరాల మధ్య ఉన్నాయి. కర్నూలు వాళ్లకు చదువు, వైద్యం, ఉద్యోగం అంటే హైదరాబాద్. అనంతపురం వాళ్లకు దాదాపు అంతే దూరంలో బెంగళూరు. కడప కార్లు బెంగళూరుకూ చెన్నైకీ పోతుంటాయి. అంటే ఇక్కడి వాహనదారుడు మహానగరంలో ఎప్పుడూ కొత్తవాడే. ఆ నగరంలో రోజూ తిరిగే మనిషికి ఏ వంతెన దిగాక కెమెరా ఉందో, ఏ మలుపులో స్పీడ్ గన్ పెట్టుకుని నిలబడతారో కంఠస్థం. అక్కడ బ్రేకు మీద కాలు వేసి, దాటగానే తీసేస్తాడు. నెలకోసారి వచ్చే ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 బండ్లకు, 2019 తర్వాత కొన్నవైతే రాష్ట్రమంతటికీ ఒకటే అయిన ఏపీ 39 బండ్లకు ఆ లెక్క తెలియదు. వేగం ఒకటే అయినా, చోటు తెలిసినవాడు తప్పించుకుంటాడు, తెలియనివాడు కడతాడు. స్థానికుడికి ఇచ్చే మినహాయింపులా ఉంటుంది వ్యవహారం.

పాత పద్ధతిలో కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి బండి ఆపేవాడు. వాదన, బతిమాలడం, తెలిసినవాళ్ల పేర్లు చెప్పడం, ఒక్కోసారి రసీదు లేని చెల్లింపు. అదేమీ తలుచుకుని మురిసిపోవాల్సిన కాలం కాదు. అయితే ఆ గందరగోళంలో ఒక పని జరిగేది. తప్పు చేసిన నిమిషంలోనే, చేసిన చోటే మనిషికి తెలిసేది. పక్కన కూర్చున్న భార్య చూసేది, వెనక పిల్లలు చూసేవారు. మిగిలిన దారంతా బండి కాస్త నెమ్మదిగా నడిచేది. కెమెరా లంచం అడగదు, కులం అడగదు, ఎమ్మెల్యే పేరు చెబితే వినదు. ఆ మేరకు అది కానిస్టేబుల్ కంటే నిజాయితీ గలది. ఆ నిమిషంలో చెప్పాల్సిన మాట మాత్రం చెప్పదు. 93లో వెళ్లిన కారు అదే 93తో మిగతా దారి కూడా వెళ్లి ఉంటుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, ప్రమాదం జరిగే అవకాశమంతా గడిచిపోయాక హెచ్చరిక వస్తుంది.

యంత్రం చెప్పిన వేగాన్ని నమ్మవచ్చా అన్నది చాలామంది మొదట వేసే ప్రశ్న. నిజానికి వాహనదారుల వాదనల్లో అన్నిటికంటే బలహీనమైనది ఇదే. రాడార్ పరికరం రేడియో తరంగాన్ని పంపుతుంది; కదులుతున్న బండికి తగిలి తిరిగొచ్చే తరంగం పౌనఃపున్యం మారుతుంది. రైలు కూత దగ్గరకు వస్తున్నప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపించడానికి ఏది కారణమో దీనికీ అదే, డాప్లర్ ప్రభావం. 24 గిగాహెర్ట్‌జ్ రాడార్ ముందు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కారు వస్తే తేడా సుమారు 4,400 హెర్ట్‌జ్ ఉంటుంది. ధ్వనిగా మారిస్తే చెవికి స్పష్టంగా వినిపించే ఈల అది. దాన్ని కొలవడం పరికరానికి కష్టమేమీ కాదు. లేజర్ గన్‌ది వేరే పద్ధతి: వరసగా కాంతి తునకలు పంపి, ఒక్కొక్కటి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం ఎంత తగ్గుతోందో లెక్క కడుతుంది.

కెమెరా రోడ్డు పక్కన ఏటవాలుగా ఉంది కాబట్టి వేగం ఎక్కువ చూపించి ఉంటుందని కొందరు అంటారు. జరిగేది తలకిందులు. బండి నడిచే దిశకూ రాడార్ చూపుకూ మధ్య కోణం పెరిగేకొద్దీ నమోదయ్యే వేగం తగ్గుతుంది. ఇరవై డిగ్రీల కోణంలో, ఆ తేడాను సరిచేయకుండా వదిలేస్తే, 100 కాస్తా 94గా కనిపిస్తుంది. ఇక కారులోని స్పీడోమీటర్ అసలు వేగం కంటే కొంచెం ఎక్కువే చూపేలా తయారవుతుంది. తక్కువ చూపకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. కాబట్టి కెమెరా 93 అన్నప్పుడు డ్రైవరు కళ్ల ముందు ముల్లు బహుశా 95 దాటే ఉంటుంది. చూసుకోకపోవడం వేరు, లేకపోవడం వేరు.

యంత్రం పొరబడే చోట్లు లేకపోలేదు. పక్కపక్కన రెండు బండ్లు వెళ్తున్నప్పుడు ఏది ఎంత వేగంతో వెళ్లిందన్న తికమక రావచ్చు. నంబర్ ప్లేటును చదివే సాఫ్ట్‌వేర్ 8కీ ఇంగ్లిష్ బి అక్షరానికీ, సున్నాకూ డి అక్షరానికీ మధ్య తడబడుతుంది. ప్లేటు మీద బురద పడి ఉంటే, లేదా యజమాని ముచ్చటపడి వంకర అక్షరాలు రాయించుకుంటే ఇంకా ఎక్కువ. ఎవరో దొంగ నంబరు తగిలించుకుని తిరిగితే అసలు నంబరు గల మనిషికి చలానా వస్తుంది; ఇంట్లో షెడ్డు దాటని స్కూటర్‌కు వేరే జిల్లా నుంచి జరిమానా రావడం ఇలాగే. ఇవన్నీ ఫొటో చూస్తే తేలిపోయే తప్పులు. అందుకే చలానాలో అంకె కంటే ఫొటో ముఖ్యం. ఫొటో తెరుచుకోని చలానా సగం చలానా కిందే లెక్క.

అసలు తగాదా వేగం ఎంతన్న దాని దగ్గర లేదు. అక్కడ పరిమితి ఎంత, ఆ సంగతి వాహనదారుడికి ఎలా తెలియాలి అన్న దాని దగ్గర ఉంది.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కారు గరిష్ఠ వేగం 100 కిలోమీటర్లు, తొమ్మిది సీట్లకు పైబడిన వాహనాలకు 90, సరుకు లారీలకు 80, మోటార్ సైకిళ్లకు 80, ఆటోలకు 50. మున్సిపల్ పరిధిలోకి వస్తే కారుకు 70, బస్సుకు, లారీకి, బైకుకు 60. ఆ నోటిఫికేషన్‌నే 2021లో మద్రాసు హైకోర్టు కొట్టివేసి, పెంచిన వేగాలు వద్దు, 2014 నాటి పరిమితులకు తిరిగి వెళ్లండి అంది. ఈ సంగతి న్యాయవాదులకే సరిగా గుర్తుండదు, సరుకు లారీ డ్రైవరుకు గుర్తుండాలనడం అన్యాయం. పైగా ఇవన్నీ పైహద్దులు మాత్రమే. రోడ్డు తీరును బట్టి, వంతెనల దగ్గర, ఊళ్ల దగ్గర అంతకంటే తక్కువ వేగం విధించే అధికారం రాష్ట్రానికి ఉంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డునే తీసుకుంటే, ఆ 158 కిలోమీటర్ల రోడ్డు మీద 2023 నడిమి వరకు గరిష్ఠ వేగం 100. తర్వాత 120 చేశారు. అదీ డివైడర్ పక్క రెండు వరసల్లో 100 నుంచి 120, ఎడమ పక్క రెండు వరసల్లో 80 నుంచి 100. కర్నూలు నుంచి వచ్చే కారు శంషాబాద్ దగ్గర ఒక్క గంట లోపల రహదారి వేగం, ఔటర్ వేగం, నగర వేగం మూడింటినీ చూస్తుంది. డ్రైవరు కాలు మాత్రం మొదటి దానికే అలవాటు పడి ఉంటుంది. రెండు గంటలు 100లో వెళ్లిన మనిషికి 80 నడకలా అనిపిస్తుంది.

తక్కువ వేగం విధించడానికి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ ఒక షరతు పెట్టింది. గెజిట్‌లో ప్రకటించాలి, ఆ చోట తగిన గుర్తు బోర్డు కూడా పెట్టించాలి. రెండూ కావాలి. నెల రోజులకు మించని తాత్కాలిక ఆంక్షలకు మాత్రం గెజిట్ అక్కర్లేదు. అంటే చట్టం దృష్టిలో బోర్డు అలంకారం కాదు, పరిమితిలో అది భాగం. 1988లో చట్టం రాసినవాళ్లకు కెమెరాలు తెలియవు. మనిషికి ముందు చెప్పి తర్వాత శిక్షించాలన్న సంగతి మాత్రం తెలుసు.

మరి బోర్డులు ఎలా ఉంటాయి? ఎర్ర అంచు గుండ్రటి రేకు, మధ్యలో నల్ల అంకె. కొత్తగా పెట్టినప్పుడు రాత్రిపూట హెడ్‌లైటు పడగానే మెరుస్తుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిస్తే ఎరుపు గులాబీ రంగుకు దిగుతుంది, మెరుపు పోతుంది. రోడ్డు పక్క కానుగ కొమ్మ పెరిగి సగం మూస్తుంది. సున్నా కనిపిస్తుంది, దాని ముందున్న అంకె కనిపించదు. ఊరు దగ్గరైతే ఎవరో ఒక నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీని కట్టడానికి ఆ ఇనుప స్తంభమే అనువుగా దొరుకుతుంది. రోడ్డు పనులప్పుడు పెట్టిన 40 బోర్డును పని అయ్యాక తీసేవాళ్లుండరు. అలాంటివి నాలుగు చూసిన డ్రైవరు అయిదోదాన్ని పట్టించుకోడు, అది నిజమైనదైనా సరే. కెమెరాకు ఏటా మరమ్మతులు, కరెంటు, నెట్ కనెక్షన్ ఉంటాయి. బోర్డుకు నీళ్లు పోసి తుడిచే మనిషి కూడా ఉండడు.

ఈ లోటు పాలకులకు తెలియనిదేమీ కాదు. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు ఎలక్ట్రానిక్ నిఘా కోసం 136ఎ సెక్షన్ చేర్చారు. 2021 ఆగస్టులో దాని కింద 167ఎ నిబంధన వచ్చింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్, పోలీసు ఒంటి మీది కెమెరా, నంబర్ ప్లేటు చదివే కెమెరా అన్నీ దీని పరిధిలోకే వస్తాయి. నిబంధన చదివితే వాహనదారుడి పక్షాన ఎవరో కూర్చుని రాసినట్లుంటుంది. పరికరం సరిగ్గా కొలుస్తోందని రాష్ట్రం నియమించిన అధికారి ధ్రువపత్రం ఇవ్వాలి, దాన్ని ఏటా కొత్తది చేయించాలి. నిఘా ఉన్న రోడ్డు మొదలయ్యే ముందే అందరికీ కనిపించేలా హెచ్చరిక బోర్డు పెట్టాలి. చలానాతో పాటు తప్పును, నంబర్ ప్లేటును స్పష్టంగా చూపే ఫొటో, పరికరం కొలిచిన వేగం, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ కింద తప్పో ఆ వివరం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువపత్రం ఉండాలి. తప్పు జరిగిన 15 రోజుల్లోగా నోటీసు వెళ్లాలి. చలానా తేలేదాకా రికార్డును భద్రపరచాలి.

ఈ పరికరాలు పెట్టాల్సిన 132 నగరాల జాబితా కూడా ఆ నిబంధనకు జత చేశారు. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 13. కర్నూలు, అనంతపురం, కడప మూడూ ఉన్నాయి. ఈ నిబంధనను అమలు చేయండని 2024 సెప్టెంబర్ 2న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి ఇది హైదరాబాద్ వెళ్లినప్పుడు మాత్రమే ఎదురయ్యే బెడద అనుకుని ఊరుకోవడానికి వీల్లేదు. రాజ్‌విహార్ సెంటర్‌కూ, అనంతపురం టవర్ క్లాక్‌కూ, కడప ఏడురోడ్ల కూడలికీ వర్తించే నిబంధనే ఇది.

అంగట్లో అన్నీ ఉన్నాయి. రెండు నెలల తర్వాత చలానా వచ్చిన మనిషి 15 రోజుల నిబంధన గుర్తుచేయాలంటే ఎక్కడ గుర్తుచేయాలి? పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. తప్పు ఫొటో, తప్పు నంబరు లాంటివి అక్కడ కొన్నిసార్లు సరిచేస్తారు. బోర్డు లేదు, పరికరానికి ధ్రువపత్రం చూపండి లాంటి వాదనకు న్యాయస్థానమే గతి. కర్నూలు మనిషి దానికోసం హైదరాబాద్ వెళ్లాలంటే రానుపోను బస్సు చార్జీలు, ఒక రోజు కూలి లేదా సెలవు, న్యాయవాది ఫీజు, ఆ పైన వాయిదా. 1,035 రూపాయల కోసం అంత చేసే మనిషి లోకంలో అరుదు. ఉన్నా ఇంట్లో వాళ్లు పోనివ్వరు. అలా ప్రశ్నించడం కంటే కట్టడమే చవక అవుతుంది. అందరూ కట్టేస్తే నిబంధన పాటించారా లేదా అని అడిగే సందర్భమే రాదు. అడిగేవాళ్లు లేనిచోట పాటించేవాళ్లు తగ్గుతారు. కెమెరా పెట్టిన అధికారికి దురుద్దేశం ఉండనక్కర్లేదు, వ్యవస్థ ఆ పల్లానికే పారుతుంది.

కట్టడం అనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. చాలామంది కట్టరు, ఆగుతారు. ఆగితే లాభమని ప్రభుత్వాలే నేర్పాయి. తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలానాల మీద రాయితీ ఇచ్చారు: ద్విచక్ర వాహనాలకు 75 శాతం, కార్లకు 50 శాతం మాఫీ. 2023 డిసెంబర్ చివర్లో మళ్లీ: బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం, గడువును తర్వాతి ఫిబ్రవరి దాకా పొడిగించారు కూడా. బెంగళూరులో 2023 ఫిబ్రవరిలో సగానికి సగం తగ్గిస్తే పది రోజులు తిరగకుండానే వంద కోట్ల రూపాయలకు పైగా వసూలైంది. 2025 ఆగస్టులో కర్ణాటక మళ్లీ సగం తగ్గించింది. ఖజానా కోణంలో చూస్తే తెలివైన పని, రాని బాకీలో సగమైనా వచ్చింది. సందేశం రాగానే వెయ్యీ ముప్పై అయిదూ కట్టేసిన మనిషి కోణంలో చూస్తే? అదే రోజు అదే చోట పట్టుబడి, ఏడాదిన్నర పట్టించుకోని మనిషి నాలుగు వందల చిల్లరతో బయటపడ్డాడు. ఆషాఢం తగ్గింపుకు చీర కొనడం ఆపుకున్నట్లు జనం చలానా కట్టడం ఆపుకుంటున్నారంటే తప్పు జనంలో వెతకడం దండగ. వేగంగా వెళ్లడం ప్రాణాంతకమైన నేరమని చెప్పే నోటితోనే ఆ నేరానికి అరవై శాతం తగ్గింపు ప్రకటిస్తే, మొదటి మాటను ఎవరు నమ్ముతారు?

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది. వేగం మనిషి చేసే తప్పు. కెమెరా పట్టుకునేది బండిని. 183వ సెక్షన్ ప్రకారం మితిమీరిన వేగంతో కారులాంటి తేలికపాటి వాహనం నడిపితే వెయ్యి నుంచి రెండు వేల రూపాయలు, మధ్యరకం, భారీ వాహనాలకు రెండు వేల నుంచి నాలుగు వేలు జరిమానా. రెండోసారి పట్టుబడితే డ్రైవింగ్ లైసెన్సు స్వాధీనం చేసుకోవాలి. తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించిన యజమాని కూడా అదే సెక్షన్ కిందికి వస్తాడు. చట్టంలో భయపెట్టే భాగం లైసెన్సుదే. కానీ వెనక నుంచి తీసిన ఫొటోలో డ్రైవరు ఉండడు. లైసెన్సు నంబరు తెలియదు. కాబట్టి ఆర్సీలో ఉన్న పేరుకు బిల్లు పోతుంది, అదే బండికి రెండోది, అయిదోది, పదిహేనోది వచ్చినా ప్రతిదీ మొదటి తప్పుగానే నమోదవుతుంది. నేరం మనిషిది, బాకీ బండిది. జీతం మీద నడిపే డ్రైవరుకు నొప్పి లేదు. పది బండ్లున్న యజమానికి అది డీజిల్, టైర్ల పక్కన ఇంకొక ఖర్చు. నెలకోసారి తల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లే సొంత కారు మనిషికి మాత్రమే అది శిక్షలా తగులుతుంది.

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు పొలిమేరలోని చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు రోడ్డు మీద పడి ఉన్న మోటార్ సైకిల్‌ను ఈడ్చుకుపోయి మంటల్లో కాలిపోయింది. బస్సులో 19 మంది, బైకు నడిపిన యువకుడు, మొత్తం 20 ప్రాణాలు పోయాయి. ఆ ఘోరానికి కారణాలు పలు రకాలు, అన్నిటినీ వేగం మీదికి నెట్టడం సరికాదు. ఆ మరునాడు పత్రికల్లో వచ్చిన ఒక చిన్న వార్త మాత్రం ఈ చర్చకు సంబంధించినది. ఆ బస్సు మీద తెలంగాణలో ఏడాదిన్నరకు పైగా పడిన చలానాలు, మితిమీరిన వేగానివి సహా, కట్టకుండా పేరుకుని ఉన్నాయి. కెమెరాలు తమ పని తాము చేశాయి. చూశాయి, రాశాయి, పంపాయి. చూసినదాన్ని బట్టి ఆ బస్సును ఒక్క రోజు ఆపే ఏర్పాటు ఎక్కడా లేదు.

ఇంత చెప్పాక కెమెరాలు పీకేయమనడం తేలిక. అలా అనడానికి మాత్రం లెక్కలు ఒప్పుకోవు. మొదట చెప్పుకున్న 80, 93నే తీసుకుందాం. డ్రైవరు అడ్డంకిని చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుందనుకుంటే, మంచి బ్రేకులు, పొడి రోడ్డు మీద 80లో వెళ్లే కారు సుమారు 69 మీటర్లలో ఆగుతుంది. 93లో వెళ్లే కారుకు దాదాపు 86 మీటర్లు కావాలి. తేడా 17 మీటర్లే కదా అనిపిస్తుంది. ఆ లెక్కను ఇంకో వైపు నుంచి చూడాలి. మొదటి కారు పూర్తిగా ఆగి నిలబడిన చోటుకు చేరేటప్పటికి రెండో కారు వేగం ఇంకా గంటకు 57 కిలోమీటర్లు ఉంటుంది. వెల్దుర్తి దగ్గర పొలం నుంచి గడ్డిమోపుతో బైకు మీద రోడ్డు దాటే మనిషి అక్కడ ఉంటే, మొదటి కారు డ్రైవరు తిట్లు తిట్టి వెళ్లిపోతాడు. రెండో కారు డ్రైవరు పోలీసు స్టేషన్‌లో కూర్చుంటాడు. చలానాలో కనిపించే ఆ 13 కిలోమీటర్లు అంత చిన్నవి కావు. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఈ భౌతిక శాస్త్రాన్నే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు మితిమీరిన వేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక. ఈ అంకెను కొంచెం అనుమానంతోనే తీసుకోవాలి. అది ప్రమాదం తర్వాత పోలీసులు పూరించే పత్రంలోని గడి. లైట్లు లేని మలుపు, దారి కనబడని డివైడర్ చీలిక, ఎదురుదిశలో వచ్చిన ట్రాక్టర్, నిద్రమత్తు ఇవన్నీ రాయడం కంటే వేగం అని రాయడం సులువు. రోడ్డు వేసినవాళ్లను ప్రశ్నించే పని తప్పుతుంది. అయినా అందులో సగమే నిజమనుకున్నా కర్నూలు లాంటి ఒక పట్టణంలో కొన్ని వార్డులు ఏటా ఖాళీ అయినంత లెక్క.

ఒక్క చోట చూసే కెమెరాకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. దాని ముందు బ్రేకు, దాటాక యాక్సిలరేటర్. ఫోనులో దారి చూపే యాప్ ముందే హెచ్చరిస్తుంది కూడా. దీనికి విరుగుడు సగటు వేగం కొలవడం. రెండు చోట్ల నంబర్ ప్లేటు చదివే కెమెరాలు పెట్టి, మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే చాలు. 50 కిలోమీటర్ల దూరం 100 వేగంతో అరగంట; 24 నిమిషాల్లో దాటితే సగటున 125తో వెళ్లినట్లు. ఇందులో చెట్టు చాటు లేదు, స్థానికుడికి మినహాయింపు లేదు, ఒక్క క్షణం లారీని దాటడానికి వేగం పెంచినవాడికి శిక్ష లేదు. ఈ రహదారి మీద పుల్లూరు, అమకతాడు, కాసేపల్లి, మరూరు అని టోల్‌ప్లాజాలు వరసగా ఉన్నాయి. ప్రతి బండి ఏ నిమిషానికి ఎక్కడుందో డబ్బు తీసుకునేటప్పుడు ఎలాగూ నమోదవుతోంది. వసూలుకు పనికొచ్చే గడియారం వేగాన్ని లెక్కించడానికి పనికిరాకుండా పోదు. అంతకంటే చవకైన పరికరం ఇంకొకటుంది: వస్తున్న బండి వేగాన్ని పెద్ద అంకెల్లో చూపించే విద్యుత్ బోర్డు. జరిమానా వేయదు. 93 అని ఎర్రగా వెలుగుతుంది, అంతే. చాలామంది కాళ్లు వాటంతటవే పైకి లేస్తాయి. పాత కానిస్టేబుల్ చేసిన పనిలో మంచి ముక్క అదే. అలాంటి బోర్డుతో ఆదాయం రాదు కాబట్టి దానికోసం ఎవరూ టెండరు పిలవరని జనం అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఈ అపనమ్మకం మీద ఇంకొకరు వ్యాపారం చేసుకుంటున్నారు. మీ బండికి చలానా పడింది, ఈ ఫైలు తెరిచి చూడండి అంటూ వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు, వస్తుంది. తెరిస్తే ఫోను పరాయి చేతుల్లోకి పోయి బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. ఈ మోసం ఇంత బాగా పనిచేయడానికి కారణం సులభం. నిజమైన చలానా కూడా అలాగే, అడగకుండా, అర్థం కాకుండా, గుర్తులేని తేదీతో వస్తుంది. రాష్ట్రానికో పోర్టల్, పోర్టల్‌కో రూపం. ఏది అసలుదో ఏది నకిలీదో తేల్చుకోలేక, అసలుదాన్ని కూడా పక్కన పెట్టేసేవాళ్లు పెరిగారు.

చివరికి ఈ బాకీలన్నీ ఎక్కడ తేలతాయో చూడాలంటే పాత కార్లు చేతులు మారే చోటికి వెళ్లాలి. కర్నూలు సి క్యాంపు దగ్గర జిరాక్స్ షాపులాంటి చోట అమ్మేవాడు, కొనేవాడు, మధ్యవర్తి ముగ్గురూ ఒక కంప్యూటర్ ముందు నిలబడతారు. షాపు కుర్రాడు బండి నంబరు కొడతాడు. ఆంధ్రప్రదేశ్ పోర్టల్‌లో ఏమీ లేదు. తెలంగాణ పోర్టల్‌లో నాలుగు. అన్నీ వేగానివే. అమ్మేవాడు కళ్లజోడు సర్దుకుని ఫొటోలు చూస్తాడు. ఒకటి తమ్ముడి పెళ్లి బట్టలకు వెళ్లినప్పటిది అంటాడు, మిగిలిన మూడూ గుర్తు రావు. రాయితీ వచ్చేదాకా ఆగుదామా అని అడుగుతాడు. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి కొనేవాడు ఒప్పుకోడు. మధ్యవర్తి ఒక కాగితం ముక్క మీద ధరలోంచి 4,140 తీసేస్తాడు. ఆ నాలుగు చోట్లా వేగ పరిమితి ఎంతో ముగ్గురిలో ఎవరూ అడగరు.